కొత్త సర్వర్‌కి మార్చాక తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులైపోయాయి [పరిష్కారమైంది, ఒక్క మండలం తప్ప]

కాశీబుగ్గ_కోడర్ · శుక్రవారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. టెన్షన్‌లో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

మా ఊళ్లో ఒక జీడి ఫ్యాక్టరీకి ఎనిమిదేళ్ల కిందట బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు పేరు, ఊరు, ఎన్ని బస్తాల పిక్కలు తెచ్చాడు, 80 కేజీల బస్తా లెక్కన ఎంత రావాలి, అడ్వాన్స్ ఎంత పోయింది. అంతే. పేరు, ఊరు తెలుగులోనే ఎక్కిస్తారు. చీటీ చదువుకునేది రైతు కదా.

పాత కంప్యూటర్లో డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ 5.6, ప్రోగ్రాం నడిపే పీహెచ్‌పీ 5 ఉండేవి. మొన్న షావుకారు గారు కొత్త మెషీన్ కొన్నారు. దాంట్లో మైఎస్‌క్యూఎల్ 8.0 వేసి, డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే ముక్క కొత్తగా రాసి, అందులో యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని భాషలూ పట్టే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) అని పెట్టాను. పాత డేటాని మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో (డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా రాసిచ్చే టూల్) తీశాను. ఆ ఫైల్లో ల్యాటిన్1 (యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్) అని ఉన్న ప్రతిచోటా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి ఎక్కించాను. ఒక్క ఎర్రర్ రాలేదు. ఇంత సులువా అనుకున్నాను.

తెరిచి చూస్తే శ్రీకాకుళం ఉండాల్సిన చోట నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, ప్లస్-మైనస్ గుర్తు, ఇలా బారెడు పొడుగున ఉంది. కొత్తగా ఎక్కించిన పేర్లు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి. పాత మెషీన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశారు, నా దగ్గర డంప్ ఫైలు ఒక్కటే ఉంది. సోమవారం నుంచి కొనుగోళ్లు.

ఏడురోడ్ల_సాఫ్ట్ · శుక్రవారం రాత్రి 10:41

రెండు నిమిషాల పని గురూ. కనెక్ట్ అవగానే సెట్ నేమ్స్ ల్యాటిన్1 అని ఒక్క లైను పెట్టు, ఈ కనెక్షన్‌లో అంతా ల్యాటిన్1 అని సర్వర్‌కి చెప్పడం అన్నమాట. పాతవన్నీ కనిపిస్తాయి. మా కస్టమర్ ఒకరికి ఇలాగే చేశాను, నడుస్తోంది.

కాశీబుగ్గ_కోడర్ · శుక్రవారం రాత్రి 10:58

వచ్చేశాయి! అన్నీ తెలుగులో కనిపిస్తున్నాయి. అన్నా, మీకు పలాస నుంచి కేజీ జీడిగుళ్లు పంపిస్తాను.

కాశీబుగ్గ_కోడర్ · శనివారం మధ్యాహ్నం 12:15

గుళ్లు పంపడం లేదు.

పాతవి బాగానే ఉన్నాయి. కానీ ఈ వారం రోజుల్లో కొత్తగా ఎక్కించిన పేర్లన్నీ ప్రశ్నగుర్తులైపోయాయి. గుమస్తా గారు ఫోన్ నంబర్లు కలుపుదామని అలాంటివి కొన్ని తెరిచి సేవ్ కొట్టారట. ఇప్పుడు ఆ లైను తీసేసినా అవి ప్రశ్నగుర్తులుగానే ఉన్నాయి. ఏటండీ ఇది?

నాగావళి_గట్టు · శనివారం మధ్యాహ్నం 12:50

తమ్ముడూ, ముందు ప్రోగ్రాం ఆపెయ్యి. గుమస్తా గారిని భోజనానికి పంపెయ్యి. ఎవరూ ఏ రికార్డూ తెరిచి సేవ్ కొట్టకూడదు. ఇప్పుడు ఎలా ఉందో అలాగే మొత్తం డేటాబేస్‌కి ఒక కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టు. అదయ్యాకే కింద రాసింది చదువు.

స్క్రీన్ మీద కనిపించేది నమ్మకు. అది డేటాబేస్, కనెక్షన్, పీహెచ్‌పీ, బ్రౌజర్ నాలుగూ కలిసి ఆడే నాటకం. లోపల ఏ బైట్లు ఉన్నాయో చూడాలి. హెక్స్ అంటే ఒక్కో బైటునీ రెండు గుర్తులతో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) రాసి చూపేది:

సెలెక్ట్ ఊరు, హెక్స్(ఊరు) ఫ్రమ్ రైతులు;

(మన వేదికలో కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాయాలన్న రూలు ఉంది కాబట్టి ఇలా రాస్తున్నాను. నువ్వు ఇంగ్లిష్‌లోనే కొట్టుకో.)

యూనికోడ్‌లో తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా చోటిచ్చారు. యూటీఎఫ్-8లో రాస్తే వీటిలో ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. అచ్చులు, హల్లులు, సున్నా, దీర్ఘం, గుడి బీ0 వైపు. గుడిదీర్ఘం దగ్గర్నుంచి కొమ్ములు, ఎత్వాలు, ఒత్వాలు, పొల్లు బీ1 వైపు. ల్యాటిన్1 కళ్లతో చూస్తే ఈ0 అంటే నువ్వు చెప్పిన వాలుగీత ఏ, బీ0 డిగ్రీ గుర్తు, బీ1 ప్లస్-మైనస్. అందుకే పాడైన తెలుగు ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది. నాకైతే అలవాటై దూరం నుంచే గుర్తుపడతాను.

శ్రీకాకుళం తీసుకో. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. మన కంటికి నాలుగు అక్షరాలు, డేటాబేస్ లెక్కలో పది, డిస్క్ మీద 30 బైట్లు. ఈ మూడు లెక్కలూ వేరువేరని గుర్తుపెట్టుకో.

ఇప్పుడు హెక్స్‌లో ఈ0బీ0బీ6 అని మొదలైతే అది శుభ్రమైన శ. సీ3ఏ0సీ2బీ0 అని మొదలైతే అదే తెలుగు రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందన్నమాట, బాగుచేయవచ్చు. 3ఎఫ్3ఎఫ్3ఎఫ్ అని వరసగా ఉంటే అవి నిజంగా ప్రశ్నగుర్తులే. ఆ గడిలో తెలుగు ఇక లేదు.

ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు.

ఏడురోడ్ల_సాఫ్ట్ · శనివారం మధ్యాహ్నం 1:05

నేను చెప్పింది పనిచేసింది కదా? పాతవి వచ్చాయి.

నాగావళి_గట్టు · శనివారం మధ్యాహ్నం 1:30

వచ్చాయి. ఎందుకు వచ్చాయో చెప్తాను, అప్పుడు ఎందుకు చెడ్డ సలహానో తెలుస్తుంది.

ఎనిమిదేళ్ల కిందట ఈ తమ్ముడు టేబుల్ చేసేటప్పుడు క్యారెక్టర్ సెట్ ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే 5.6 ల్యాటిన్1 అనుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ పుట్టింది స్వీడన్ కంపెనీలో, అందుకే పోలికల పద్ధతి కూడా స్వీడిష్‌దే ఉండేది. పాత పీహెచ్‌పీ కనెక్షన్ కూడా ల్యాటిన్1. బ్రౌజర్ మాత్రం యూటీఎఫ్-8 బైట్లు పంపింది. సర్వర్ వాటిని ల్యాటిన్1 అక్షరాలే అనుకుని ఉన్నవి ఉన్నట్టు దాచింది, అడిగితే ఉన్నవి ఉన్నట్టు ఇచ్చింది. బ్రౌజర్ మళ్లీ యూటీఎఫ్-8గా చదువుకుంది. వెళ్లేటప్పుడు ఒక అబద్ధం, వచ్చేటప్పుడు అదే అబద్ధం. లెక్క సరిపోయింది, ఎనిమిదేళ్లు ఎవరికీ తెలియలేదు.

డంప్ తీసినప్పుడు బండి బోల్తా పడింది. మైఎస్‌క్యూఎల్‌డంప్ చెప్పకపోతే యూటీఎఫ్-8లో రాస్తుంది. అంటే సర్వర్ తన దగ్గరున్న ప్రతి బైటునీ ఒక ల్యాటిన్1 అక్షరమనుకుని యూటీఎఫ్-8కి మార్చి ఇచ్చింది. ఒక తెలుగు గుర్తుకి మూడు బైట్లు, ఆ మూడూ మూడు వేరే అక్షరాలై ఒక్కోటి మళ్లీ రెండేసి, మూడేసి బైట్లయ్యాయి. ఆ ఫైలు యూటీఎఫ్8ఎంబీ4 టేబుల్లోకి నిక్షేపంగా ఎక్కింది. ఎర్రర్ రాదు, ఎందుకంటే వాలుగీత ఏ కూడా సరైన అక్షరమే కదా.

సెట్ నేమ్స్ ల్యాటిన్1 పెడితే ఇచ్చేటప్పుడు ఆ రెండో పొర ఊడి, లోపలి తెలుగు బయటికి వస్తుంది. కానీ సవ్యంగా ఉన్న తెలుగుని ల్యాటిన్1లోకి మార్చమంటే సర్వర్ ఏం చేస్తుంది? అందులో తెలుగు అక్షరాలే లేవు, కాబట్టి ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నగుర్తు ఇస్తుంది. అక్కడిదాకా చూపించడమే. సేవ్ కొట్టాక ఆ ప్రశ్నగుర్తులే నిజమైన డేటా. పైగా నిన్న రాత్రి నుంచి ఆ లైను ఉండగా కొత్తగా ఎక్కించినవి కూడా రెండు పొరలతోనే దాఖలయ్యాయి.

ఏడురోడ్ల_సాఫ్ట్ · శనివారం మధ్యాహ్నం 1:42

సరే, ఒప్పుకుంటున్నాను. ఆ కస్టమర్ దగ్గరికి రేపు వెళ్లాలి అయితే.

గంటస్తంభం_77 · శనివారం మధ్యాహ్నం 2:10

అసలు యూటీఎఫ్8ఎంబీ4 ఎందుకండీ, మామూలు యూటీఎఫ్8 సరిపోతుంది. తెలుగుకి మూడు బైట్లే అని మీరే అన్నారు. విజయనగరంలో మా స్కూల్ ఫీజుల ప్రోగ్రాం ఏళ్ల తరబడి దాని మీదే నడుస్తోంది.

నాగావళి_గట్టు · శనివారం మధ్యాహ్నం 2:25

తెలుగు వరకూ మీరన్నది నిజం. ఇచ్ఛాపురం వైపు ఒడియాలో పేర్లు రాసినా అవీ మూడు బైట్లే. కానీ మైఎస్‌క్యూఎల్ యూటీఎఫ్8 అని పిలిచేది మూడు బైట్లతో ఆగిపోయే సగం యూటీఎఫ్-8. రిమార్కుల గడిలో ఎవరైనా దండం పెట్టే ఎమోజీ వేశారనుకోండి, దానికి నాలుగు బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాని ఒప్పుకోని సెట్టింగ్) ఉంటే ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వేల్యూ అని ఎర్రర్ వస్తుంది. లేకపోతే ఎమోజీ నుంచి ఆ తర్వాత రాసిందంతా మాటామంతీ లేకుండా పోతుంది. ఆ తప్పు సరిదిద్దడానికే 5.5.3లో యూటీఎఫ్8ఎంబీ4 తెచ్చారు, 8.0లో అదే డిఫాల్ట్ అయింది. ఆ మూడు బైట్ల రకాన్ని ముందు ముందు తీసేస్తామని వాళ్లే చెబుతున్నారు.

పాత సర్వర్లో మార్చేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసే సూచిక) పొడవు 767 బైట్లు దాటకూడదన్న హద్దు ఉండేది. వార్‌క్యార్ 255 (255 అక్షరాలదాకా పట్టే గడి) మూడేసి బైట్ల లెక్కన 765, సరిపోయేది. నాలుగేసి అనుకుంటే 1020, పట్టదు. నెట్‌లో చాలా చోట్ల 191 అనే వింత అంకె కనిపిస్తుందే, అది ఇక్కడిదే. డైనమిక్ రో ఫార్మాట్‌లో హద్దు 3072, కాబట్టి 8.0లో ఆ గొడవ లేదు.

బొబ్బిలి_పోస్ట్‌గ్రెస్ · శనివారం మధ్యాహ్నం 3:00

నవ్వుతున్నానని అనుకోకండి కానీ, మేం వాడే ఇంకో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఎన్‌కోడింగ్ డేటాబేస్ చేసేటప్పుడే ఒక్కసారి నిర్ణయించాలి, తర్వాత కాలమ్‌కో రకం పెట్టుకునే సదుపాయమే లేదు. యూటీఎఫ్8 అంటే నాలుగు బైట్లదాకా పూర్తి యూటీఎఫ్8. చెడ్డ బైట్లు వస్తే ఇన్‌వ్యాలిడ్ బైట్ సీక్వెన్స్ అని మొహం మీదే తిరగ్గొడుతుంది.

నాగావళి_గట్టు · శనివారం మధ్యాహ్నం 3:08

రెండుసార్లు ఎన్‌కోడ్ అయినది చెడ్డ బైట్లు కాదు కదా. క్లయింట్ ఎన్‌కోడింగ్ ల్యాటిన్1 అని అబద్ధం చెబితే పోస్ట్‌గ్రెస్ కూడా నమ్మి ఇదే గారడీ చేస్తుంది.

బొబ్బిలి_పోస్ట్‌గ్రెస్ · శనివారం మధ్యాహ్నం 3:20

చేస్తుంది. దానికి మందు లేదు. ఎస్‌క్యూఎల్_ఆస్కీ అని డేటాబేస్ చేసినవాళ్లకైతే అసలు తనిఖీయే ఉండదు, ఏది వేస్తే అది పడి ఉంటుంది. అది మా ఇంటి గుట్టు.

పాత_డీబీఏ · శనివారం సాయంత్రం 4:15

విజయనగరంలో రిటైరై కూర్చున్నవాడిని. ఒరాకిల్ డేటాబేస్ మీద చాలా కాలం పనిచేశాను. మా దగ్గర గొడవ ఇంకో రకం. గడి పొడవు వార్‌క్యార్2లో 30 అని రాస్తే ఒరాకిల్ మామూలుగా 30 బైట్లు అనుకుంటుంది, 30 అక్షరాలు కాదు. శ్రీకాకుళం సరిగ్గా 30, అంచు మీద పట్టింది. విజయనగరం ఎనిమిది గుర్తులు, 24 బైట్లు, హాయిగా పట్టింది. పరీక్ష పెట్టినవాళ్లు ఈ రెండూ కొట్టి చూసి బాగుందన్నారు. తర్వాత గజపతినగరం ఎక్కించబోతే గడిలో పట్టదని 12899 ఎర్రర్. గ, జ, ప, త, గుడి, న, గ, ర, సున్నా తొమ్మిదే కదా, పట్టాలే అని గంట సేపు తల పట్టుకున్నాం. చూస్తే ఎవరో ముందు జిల్లా పేరులోని మొదటి అక్షరం, చుక్క, ఖాళీ పెట్టి కొట్టారు. వి అంటే రెండు గుర్తులు కాబట్టి ఆరు, ఒకటి, ఒకటి, 27 కలిపి 35. అప్పట్నుంచి 30 క్యార్ అని స్పష్టంగా రాయడం మొదలెట్టాం.

బాబూ కాశీబుగ్గా, నీ పాత టేబుల్లో ఊరు గడి ఎంత పొడవు? ల్యాటిన్1 కాలమ్‌లో 60 అంటే 60 బైట్లే. తెలుగు గుర్తులు 20 మించి పట్టవు. అది ఒకసారి చూసుకో.

కాశీబుగ్గ_కోడర్ · శనివారం సాయంత్రం 5:40

పేరు వంద, ఊరు అరవై మాస్టారూ. చూస్తాను.

అక్కా, లెక్క ఇదీ. అత్యధికం సీ3ఏ0. ఈ వారంలో ఎక్కించినవి ఈ0బీ0. గుమస్తా గారు తెరిచినవి నలభై మూడు, అవన్నీ 3ఎఫ్. మూడు రకాలూ ఒకే టేబుల్లో కలగాపులగంగా ఉన్నాయి.

ఏడురోడ్ల_సాఫ్ట్ · శనివారం సాయంత్రం 5:55

నా తప్పు నేనే దిద్దుకుంటాను. డంప్ ఫైలుని ఐకాన్వ్‌తో (ఎన్‌కోడింగ్ మార్చే టూల్) యూటీఎఫ్-8 నుంచి సీపీ1252కి (విండోస్‌లో ల్యాటిన్1 లాంటిది) తిప్పేస్తే పై పొర ఊడుతుంది. వచ్చిన ఫైలుని యూటీఎఫ్-8 అని ఎక్కించడమే.

కాశీబుగ్గ_కోడర్ · శనివారం సాయంత్రం 6:20

చేశాను. మొదటి రైతు పేరు దాటకుండానే ఆగిపోయింది. మార్చలేని అక్షరం ఉందంటోంది.

నాగావళి_గట్టు · శనివారం రాత్రి 8:05

మా పాప హోంవర్క్ అయ్యేసరికి ఈ వేళైంది.

ఐకాన్వ్ ఆగడం నాకు ముచ్చటేసింది. సీపీ1252 పట్టికలో ఐదు గడులు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. ఇప్పుడు తెలుగు వైపు చూడు. పొల్లు ఈ0బీ18డీ. కొమ్ము ఈ0బీ181. ఏ అనే అచ్చు 8ఎఫ్‌తో, ఐ 90తో, ఝ 9డీతో ముగుస్తాయి. అంటే వత్తు ఉన్న ప్రతి మాటా, కొమ్ము ఉన్న ప్రతి మాటా అక్కడ తట్టుకుంటుంది. వత్తూ కొమ్మూ లేని తెలుగు పేర్లు ఎన్నుంటాయి? మైఎస్‌క్యూఎల్ తాను ల్యాటిన్1 అని పిలిచేదాంట్లో ఆ ఐదు ఖాళీలనూ పూడ్చుకుంది, అందుకే పొర వేసినప్పుడు ఏమీ పోలేదు. పొర తీయడం కూడా దాని చేతే చేయించాలి.

పాత మెషీన్ ఉండి ఉంటే పని ఇంకా తేలిక. డంప్ తీసేటప్పుడు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ ల్యాటిన్1 అనీ, స్కిప్ సెట్ క్యార్‌సెట్ అనీ ఇస్తే బైట్లు ఉన్నవి ఉన్నట్టు వచ్చేవి. ఇప్పుడది లేదు కాబట్టి:

కన్వర్ట్(క్యాస్ట్(కన్వర్ట్(ఊరు యూజింగ్ ల్యాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4)

లోపలి నుంచి బయటికి చదువు. ల్యాటిన్1కి దింపు, అవి ఉత్త బైట్లని ఒప్పించు, వాటినే యూటీఎఫ్-8 అని చదివించు. మధ్యలో బైనరీ మెట్టు లేకపోతే సర్వర్ తెలివిగా మళ్లీ మార్చేసి మొదటికే తెస్తుంది.

రెండు జాగ్రత్తలు. హెక్స్‌లో సీ3ఏ0సీ2బీ ఉన్న వరసల మీదే నడుపు. శుభ్రంగా ఉన్నవాటి మీద నడిపితే అవీ ప్రశ్నగుర్తులవుతాయి. అప్‌డేట్ కొట్టేముందు ఇదే మాటని సెలెక్ట్‌లో పెట్టి నల్ (విలువే లేని ఖాళీ) ఎన్ని వస్తున్నాయో చూడు. తీసిన బైట్లు సరైన యూటీఎఫ్-8 కాకపోతే ఫలితం నల్ వస్తుంది. మాస్టారు అడిగిన 60 ప్రశ్నకి జవాబు అక్కడ దొరుకుతుందని నా అనుమానం.

చీపురుపల్లి_ప్రెస్ · శనివారం రాత్రి 8:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా ప్రెస్‌లో పెళ్లి కార్డుల పాత ఫైళ్లు బోలెడు ఉన్నాయి, అను ఫాంట్లలో కొట్టినవి. డేటాబేస్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. ఈ కన్వర్ట్ నాకూ పనిచేస్తుందా?

నాగావళి_గట్టు · శనివారం రాత్రి 8:41

చేయదండి. మీవి యూనికోడ్ పాడైనవి కావు, అసలు యూనికోడే కావు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరం స్థానంలో తెలుగు ముక్క బొమ్మ పెట్టారు. తలకట్టు ఒక గడి, వత్తు ఒక గడి. డేటాబేస్ సెట్టింగ్ ఏది మార్చినా అవి తెలుగవ్వవు. ఆ ఫాంట్ నుంచి యూనికోడ్‌కి తిప్పే కన్వర్టర్ కావాలి, తర్వాత మనిషి కూర్చుని చూసుకోవాలి కూడా. విడిగా ఇంకో చర్చ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం.

కాశీబుగ్గ_కోడర్ · శనివారం రాత్రి 11:35

పేర్లన్నీ వచ్చేశాయి. ఒక్క నల్ లేదు. స్క్రీన్ నిండా రైతుల పేర్లు తెలుగులో చూస్తుంటే ఏడుపొచ్చింది.

ఊరు గడిలో మాత్రం నల్‌లు వచ్చాయి. అప్‌డేట్ కొట్టలేదు, సెలెక్టే. చూస్తే దాదాపు అన్నీ ఒకే మండలం, వజ్రపుకొత్తూరు. ఇదేం పగ అక్కా నా మీద?

పాత_డీబీఏ · ఆదివారం ఉదయం 6:10

పగ కాదు, లెక్క. మీ గుమస్తా మండలం ముందు, ఊరు తర్వాత కొడతాడా? కాగితం తీసుకున్నాను.

వజ్రపుకొత్తూరు పద్నాలుగు గుర్తులు, 42 బైట్లు. ఖాళీ ఒకటి, 43. మండలం ఐదు గుర్తులు, 15, మొత్తం 58. ఇంకో ఖాళీ, 59. మిగిలింది ఒక్క బైటు. ఊరి పేరు పూండి కానీ అక్కుపల్లి కానీ, మొదటి అక్షరంలోని మొదటి బైటు ఈ0 మాత్రం పట్టింది. మిగతాది 5.6 స్ట్రిక్ట్ మోడ్ లేకుండా నరికి పారేసింది. ఆ ఒంటి బైటు యూటీఎఫ్-8లో చెల్లదు కాబట్టి నల్.

కాశీబుగ్గ_కోడర్ · ఆదివారం ఉదయం 7:25

మాస్టారూ, కాళ్లకి దండం.

ఇప్పుడర్థమైంది. ఎనిమిదేళ్లుగా షావుకారు గారు ఒకటే గోల, "వజ్రపుకొత్తూరోళ్ల చీటీల్లో ఊరు పడదు, ప్రింటర్ చూడు" అని. రెండుసార్లు ప్రింటర్ మార్పించాను! నేను పీహెచ్‌పీలో హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (పేజీలో చూపేముందు ప్రత్యేక గుర్తుల్ని మార్చే ఫంక్షన్) వాడాను. చెల్లని యూటీఎఫ్-8 ఒక్క బైటున్నా అది మొత్తం ఖాళీ స్ట్రింగ్ ఇస్తుందని ఇప్పుడే చదివాను. మండలం పేరు కూడా పడకపోవడానికి కారణం అదన్నమాట.

నాగావళి_గట్టు · ఆదివారం ఉదయం 8:00

ఇందులో ఒక అదృష్టం ఉంది. నీ కొత్త టేబుల్లో పాత బైటు ఒక్కోటి ఒక్కో అక్షరంగా కూర్చుంది. కాబట్టి క్యార్_లెంగ్త్ (అక్షరాల లెక్క) సరిగ్గా 60 ఉండి, నల్ వచ్చే వరసలకి ఊరు బదులు లెఫ్ట్(ఊరు, 59), అంటే మొదటి 59 అక్షరాలే, అని పెట్టి అదే కన్వర్ట్ నడుపు. రెండు ఖాళీలున్న ప్రతి వరసలోనూ 58 బైట్లు తెలుగుకి మిగులుతాయి, పంతొమ్మిది గుర్తులు పోను ఒక్కటే ఒంటి బైటు. అది రాలిపోతుంది, మండలం పేరు బతుకుతుంది. సోంపేట వైపు పొడుగు ఊళ్లకి తోక తెగి ఉంటుంది, అవి కంటితో చూసి దిద్దుకో.

వజ్రపుకొత్తూరు ఊళ్లు మాత్రం డిస్క్ మీద ఎప్పుడూ లేవు. వాటిని ఏ కమాండూ తేలేదు.

ఏడురోడ్ల_సాఫ్ట్ · ఆదివారం ఉదయం 8:20

ప్రశ్నగుర్తులైన నలభై మూడింటిలో ఊళ్లు కనుక్కోవచ్చు కదా, గుర్తుకో ప్రశ్నగుర్తు అన్నారుగా. ఏడుంటే టెక్కలి, ఐదుంటే కవిటి.

గంటస్తంభం_77 · ఆదివారం ఉదయం 8:26

నాలుగుంటే పలాసా, మందసా? రెండూ నాలుగే.

నాగావళి_గట్టు · ఆదివారం ఉదయం 8:45

జ్యోతిషం వద్దు. మైఎస్‌క్యూఎల్ 8.0లో బైనరీ లాగ్ (డేటాలో జరిగే ప్రతి మార్పూ రాసుకునే చిట్టా) మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది, డిఫాల్ట్‌గా 30 రోజులు దాస్తుంది. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే టూల్‌ని వెర్బోస్, బేస్64 అవుట్‌పుట్ డీకోడ్ రోస్ అని ఇచ్చి నడిపితే, ప్రతి అప్‌డేట్‌కి ముందు ఆ వరసలో ఏముందో కూడా చూపిస్తుంది. గుమస్తా గారు సేవ్ కొట్టకముందు ఉన్న అసలు తెలుగు అక్కడ ఉంటుంది.

కాశీబుగ్గ_కోడర్ · ఆదివారం మధ్యాహ్నం 1:50

నలభై మూడూ దొరికాయి. అక్కా, గుళ్లు మీకే.

సెట్ నేమ్స్ లైను తీసేశాను. శుక్రవారం రాత్రి నుంచి ఆ లైను ఉండగా ఎక్కినవాటికి కూడా పొర తీశాను. డేటాబేస్, టేబుల్, కాలమ్, కనెక్షన్ నాలుగు చోట్లా యూటీఎఫ్8ఎంబీ4. ఆల్టర్ డేటాబేస్ ఒక్కటి కొడితే పాత టేబుళ్లు మారవనీ, అది ఇక ముందు చేసే టేబుళ్లకేననీ కూడా ఈ రెండు రోజుల్లోనే తెలిసింది.

షావుకారు గారి కోసం ఎక్సెల్‌కి తీసే సీఎస్‌వీలో మొదట ఇది యూటీఎఫ్-8 అని చెప్పే ఈఎఫ్ బీబీ బీఎఫ్ మూడు బైట్లు పెట్టాను. అవి లేకపోతే ఎక్సెల్ మళ్లీ అదే వాలుగీత ఏ చూపిస్తోంది.

గంటస్తంభం_77 · ఆదివారం మధ్యాహ్నం 2:30

మీ గొడవ చూసి నేనూ 8.0కి మార్చాను. ఎన్‌కోడింగ్ బాగానే ఉంది కానీ కొత్త వింత. రాజా అనే పిల్లాడి కోసం వెతికితే రాజాం అని ఉన్న వరస కూడా వస్తోంది. ఈక్వల్ పెట్టి వెతికినా అంతే. పాత సర్వర్లో ఇలా లేదు.

నాగావళి_గట్టు · ఆదివారం మధ్యాహ్నం 3:05

అది కొలేషన్ (మాటల్ని పోల్చే పద్ధతి) పని. 8.0 డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ. అందులో ఏఐ అంటే మీరనుకునే ఏఐ కాదు, యాక్సెంట్ తేడా పట్టించుకోవద్దని. యూనికోడ్ పోలిక పట్టికలో మన సున్నానీ విసర్గనీ రెండో స్థాయి గుర్తులుగా పెట్టారు, యూరప్ భాషల నెత్తిన గీతల్లాగ. ఏఐ మొదటి స్థాయే చూస్తుంది కాబట్టి సున్నా ఎగిరిపోతుంది. రాజాం, రాజా ఒకటే. గంట, గట ఒకటే. పేరు మీద యూనిక్ ఇండెక్స్ ఉంటే రెండోదాన్ని డూప్లికేట్ అని ఎక్కనివ్వదు. మీ పాత జనరల్_సీఐ కోడ్ అంకెలే పోల్చేది, అందుకే తెలియలేదు.

తెలుగుకని ప్రత్యేక కొలేషన్ మైఎస్‌క్యూఎల్‌లో లేదు. యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఎస్_సీఐ పెట్టండి. బిన్ (ఉన్నది ఉన్నట్టు పోల్చే కొలేషన్) పెట్టమని కొందరంటారు, నేను పెట్టను. ఎస్.కోట అని ఒకరు మామూలుగా కొడతారు, ఇంకొకరి కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరుస్తుంది. కంటికి రెండూ ఒకటే, బిన్‌కి వేరు. ఏఎస్ ఆ కనబడనిదాన్ని వదిలేస్తుంది, సున్నాని వదలదు. మనకి కావాల్సింది అదే.

బొబ్బిలి_పోస్ట్‌గ్రెస్ · ఆదివారం మధ్యాహ్నం 3:12

పోస్ట్‌గ్రెస్ పదో వెర్షన్ నుంచి ఐసీయూ (యూనికోడ్ లైబ్రరీ) కొలేషన్లు ఉన్నాయి, టీఈ-ఎక్స్-ఐసీయూ అని తెలుగుకే ఒకటుంది. ఊరికే చెబుతున్నాను.

గంటస్తంభం_77 · ఆదివారం సాయంత్రం 4:00

ఏఎస్_సీఐ పెట్టాను, రాజా ఒక్కడే వచ్చాడు. థాంక్సండీ.

పాత_డీబీఏ · ఆదివారం సాయంత్రం 5:30

బాబూ, వజ్రపుకొత్తూరు సంగతి ఏం చేశావు?

కాశీబుగ్గ_కోడర్ · ఆదివారం రాత్రి 9:45

గుమస్తా గారిని అడిగాను మాస్టారూ. చీటీలో ఊరు పడేది కాదు కాబట్టి ఎనిమిదేళ్లుగా ఆయనే పెన్నుతో రాస్తున్నారట, కార్బన్ నకలు మీద కూడా. నకళ్ల కట్టలన్నీ గోడౌన్‌లో గోనెసంచుల మీద ఉన్నాయి. ఎలకలు కొట్టినవి పోగా చాలావరకు బాగానే ఉన్నాయి.

ప్రస్తుతం ఇద్దరం గోడౌన్‌లోనే కూర్చున్నాం. ఆయన చదువుతున్నారు, నేను కొడుతున్నాను. ఊరు గడి 120 చేశాను. ఇప్పటికి 2019 సీజన్ దాకా వచ్చాం.